ఖరీదైన డెస్క్‌టాప్ కొనే ముందు తేల్చుకోవలసినవి

రెండు లక్షల రూపాయల ధర దాటిన డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఎంపిక కష్టం కావడానికి కారణం, అక్కడ దొరికే మంచి యంత్రాలన్నీ వేర్వేరు పనుల కోసం తయారైనవి కావడమే. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే వ్యక్తికి సగం రోజు మిగిల్చే యంత్రం, అంతే డబ్బు పెట్టిన ఆర్కిటెక్టుకు ఏ తేడా చూపించకపోవచ్చు. కాబట్టి ఏది గొప్పదని అడిగే ముందు, ఇప్పుడున్న కంప్యూటర్ ముందు తాము దేని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటున్నారో కొనేవారు తేల్చుకోవాలి. ఈ స్థాయిలో నేడు ప్రధానంగా నాలుగు దారులు ఉన్నాయి. మొదటిది ఏఎండీ రైజెన్ 9 లేదా ఇంటెల్ కోర్ అల్ట్రా 9 ప్రాసెసర్‌తో, మంచి గ్రాఫిక్స్ కార్డుతో అసెంబుల్ చేయించుకునే సిస్టమ్. రెండోది చాలా కోర్లుండే ఏఎండీ థ్రెడ్‌రిప్పర్ వంటి ప్రాసెసర్‌తో, భారీ పనుల కోసం కట్టే వర్క్‌స్టేషన్. మూడోది ఆపిల్ మ్యాక్ స్టూడియో. నాలుగోది డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీలు తయారుగా అమ్మే వర్క్‌స్టేషన్.

ముందు కొలవండి

కొలత కోసం ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి, ఒక్కొక్క కోర్ (ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే భాగం) విడివిడిగా కనిపించేలా మార్చి, మీరు రోజూ చేసే అసలు పనిని, అందులోనూ విసుగు పుట్టించేంత ఆలస్యమయ్యే భాగాన్ని నడిపించి చూడండి. కోర్లన్నీ నూరు శాతం దగ్గర ఉంటే ఎక్కువ కోర్లు మీకు ఉపయోగపడతాయి. ఒకటి రెండు కోర్లు మాత్రమే శ్రమిస్తూ మిగతావి ఖాళీగా ఉంటే, ఎన్ని కోర్లు కొన్నా వృథా. ఒక్కొక్క కోర్ వేగం పెరగాలి. ర్యామ్ పూర్తిగా నిండి, అదే సమయంలో డిస్క్ ఆగకుండా పనిచేస్తుంటే లోటు మెమరీలో ఉంది. గ్రాఫిక్స్ కార్డు దగ్గర దాని వాడకపు శాతంతో పాటు దాని సొంత మెమరీ ఎంత నిండిందో కూడా చూడాలి, ఎందుకంటే కార్డు వేగం చాలకపోతే పని ఆలస్యమవుతుంది కానీ, కార్డు మెమరీ చాలకపోతే చాలా సందర్భాల్లో పని అసలు నడవదు. మ్యాక్ వాడేవారు యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ప్రెషర్ గ్రాఫ్ ఏ రంగులో ఉందో చూస్తే సరిపోతుంది.

ఈ పరిశీలన ఒక్క పూటతో ముగించకుండా, ఒక ప్రాజెక్టు మొదలు నుంచి చివరి వరకు గమనించడం మంచిది. ఎడిటింగ్‌లో ఆగిపోయేది ఒకటి, ఎక్స్‌పోర్ట్‌లో ఆగిపోయేది మరొకటి కావచ్చు. ఎక్స్‌పోర్ట్ రాత్రి పడుకునే ముందు పెట్టి వదిలేసే పని అయితే, దాన్ని వేగవంతం చేయడానికి లక్ష రూపాయలు ఖర్చు పెట్టడంలో అర్థం లేదు. మీరు కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు కలిగే ఆలస్యానికే డబ్బు పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

కోర్ల లెక్క

ఒక పనిలో ఎంత భాగాన్ని కోర్ల మధ్య పంచవచ్చునో దానిని బట్టే ఆ పని వేగం పెరుగుతుందని కంప్యూటర్ ఇంజనీరు జీన్ ఆమ్‌డాల్ 1967లో చూపించారు. పనిలో తొంభై శాతం పంచదగినదై, పది శాతం వరుసగానే జరగవలసినదైతే, 16 కోర్లతో వేగం 6.4 రెట్లు పెరుగుతుంది. కోర్లను 64కు పెంచితే అది దాదాపు 8.8 రెట్లే అవుతుంది. నాలుగు రెట్లు కోర్లు కొన్నందుకు దక్కే అదనపు వేగం నలభై శాతం కంటే తక్కువ. 9980ఎక్స్ అనే 64 కోర్ల థ్రెడ్‌రిప్పర్‌ను ఏఎండీ 2025లో 4,999 డాలర్లకు విడుదల చేసింది. 16 కోర్ల రైజెన్ 9 9950ఎక్స్ 2024 ఆగస్టులో 649 డాలర్లకు వచ్చింది. పైన చెప్పిన లెక్క పక్కన ఈ రెండు ధరలను పెట్టి చూస్తే ఎవరికి ఏది అవసరమో చాలావరకు స్పష్టమవుతుంది.

ఆటోక్యాడ్ ప్రధానంగా ఒకే కోర్ మీద నడుస్తుంది. రెవిట్‌లో కొన్ని పనులు కోర్ల మధ్య పంచుకోబడినా, మోడల్‌ను తెరిచి మార్పులు చేస్తూ ఉండే రోజువారీ పనికి ఒక్క కోర్ వేగమే ముఖ్యం. సాలిడ్‌వర్క్స్‌లో భాగాలను గీసే పని కూడా అంతే. ఇటువంటి డిజైన్ పనులు చేసేవారికి థ్రెడ్‌రిప్పర్ కంటే దానిలో కొద్ది వంతు ధరకే వచ్చే డెస్క్‌టాప్ ప్రాసెసర్ మెరుగ్గా పనిచేయవచ్చు, ఎందుకంటే కోర్లు తక్కువైనా దాని ఒక్కొక్క కోర్ 5.7 గిగాహెర్ట్జ్ వరకు వెళ్లగలదు. ఫొటోషాప్, లైట్‌రూమ్ వాడే ఫొటోగ్రాఫర్లకు కూడా నా సలహా ఇదే. వారికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కంటే రంగులు సరిగ్గా చూపే మానిటర్ మీద పెట్టే డబ్బు ఎక్కువ ఫలితమిస్తుంది.

ప్రోగ్రామర్ల విషయం ఇంకాస్త లోతుగా చూడాలి. ఆండ్రాయిడ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొత్తంగా బిల్డ్ చేయడానికి, అంటే రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడానికి, 64 జీబీ ర్యామ్, 400 జీబీ ఖాళీ స్థలం కావాలని గూగుల్ తన పత్రాల్లో చెబుతుంది. 72 కోర్ల యంత్రంలో ఆ పూర్తి బిల్డ్‌కు దాదాపు 40 నిమిషాలు, 6 కోర్ల యంత్రంలో దాదాపు 6 గంటలు పడుతుందని కూడా అక్కడే ఉంది. కోర్లు నిజంగా ఫలితమిచ్చే పనికి ఇది చక్కటి ఉదాహరణ. అయితే మార్చిన ఫైళ్లను మాత్రమే మళ్లీ బిల్డ్ చేసినప్పుడు ఆ పెద్ద యంత్రంలో కొద్ది నిమిషాలే పడుతుందన్న మాట కూడా ఆ పత్రంలోనే ఉంది. రోజులో ఒక ప్రోగ్రామర్ చేసేది ఎక్కువగా ఈ రెండో రకం బిల్డే. కాబట్టి వెబ్, మొబైల్ యాప్‌లు రాసేవారికి 8 నుంచి 16 కోర్లు, 64 జీబీ ర్యామ్ హాయిగా సరిపోతాయి; ఆపరేటింగ్ సిస్టమ్‌నో, బ్రౌజర్‌నో, పెద్ద గేమ్ ఇంజిన్‌నో పదే పదే మొదటి నుంచి బిల్డ్ చేసేవారే ఆ పై మెట్టు గురించి ఆలోచించాలి.

వీడియో ఎడిటింగ్

తెలుగు రాష్ట్రాల్లో ఖరీదైన డెస్క్‌టాప్ కొనేవారిలో పెళ్లి వీడియోలు, యూట్యూబ్ వీడియోలు చేసేవారు ఎందరో ఉన్నారు. వారు ఎక్కువగా మోసపోయేది కూడా ఇక్కడే. సోనీ ఆల్ఫా 7 ఫోర్ వంటి కెమెరాలు రంగుల వివరాలు ఎక్కువగా ఉండే 10 బిట్ 4:2:2 వీడియోను, బాగా కుదించే హెచ్.265 ఫార్మాట్‌లో రికార్డు చేయగలవు. ఆ ఫుటేజీని టైమ్‌లైన్‌లో ఆగకుండా నడిపించాలంటే దాన్ని విప్పే ప్రత్యేక విభాగం చిప్‌లోనే ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో లోపల ఉండే గ్రాఫిక్స్‌కు ఈ సామర్థ్యం కొన్ని తరాలుగా ఉంది. ఆపిల్ చిప్‌లకూ ఉంది. ఎన్‌విడియా కార్డుల్లో మాత్రం అది ఆర్‌టీఎక్స్ 50 వరుసతోనే వచ్చింది. అంటే, 2022లో ఎంతో ఖర్చు పెట్టి కొన్న ఆర్‌టీఎక్స్ 4090 కార్డుకు కూడా ఆ ఫుటేజీని తన సొంత డీకోడర్‌తో విప్పడం రాదు. ఆ కార్డుతో పాటు రైజెన్ ప్రాసెసర్ కూడా ఉంటే భారమంతా కోర్ల మీదే పడుతుంది, ఎడిటర్ ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం వాడే తేలికైన నకళ్లు) చేసుకుంటూ కూర్చోవాలి. కాబట్టి మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తుందో తెలుసుకోకుండా ఎడిటింగ్ సిస్టమ్ కొనకండి.

ప్రీమియర్ వాడుతూ ఇటువంటి ఫుటేజీ కోసే వారికి కోర్ అల్ట్రా 9 285కే లేదా దాని తమ్ముడైన అల్ట్రా 7 ప్రాసెసర్, 64 జీబీ ర్యామ్, 16 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 5070 టీఐ కార్డు నేను మొదట సూచించే కలయిక. రంగుల సవరణ, నాయిస్ తగ్గింపు ఎక్కువగా డావించీ రిజాల్వ్‌లో చేసేవారికి భారం గ్రాఫిక్స్ కార్డు మీదికి మారుతుంది; వారు ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగి, కార్డులో ఒక మెట్టు ఎక్కవచ్చు. ఆపిల్ వీడియో ఫార్మాట్ ప్రోరెస్‌లో పని చేసేవారికి, ఆపిల్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ అలవాటైనవారికి, స్టూడియో గదిలో ఫ్యాన్ చప్పుడు ఉండకూడదనుకునేవారికి మ్యాక్ స్టూడియో నిజంగా మంచి ఎంపిక. ఎం4 మ్యాక్స్ చిప్‌తో అది 2025 మార్చిలో మన దేశంలో 2,14,900 రూపాయల నుంచి మొదలైంది. ఎం3 అల్ట్రా ధర దానికి రెట్టింపు స్థాయిది. అనేక 8కే స్ట్రీములను ఒకేసారి నడిపే అవసరం లేని ఎడిటర్‌కు ఆ రెట్టింపు ఖర్చును నేను సమర్థించను.

త్రీడీ, కృత్రిమ మేధ: మెమరీయే ప్రధానం

త్రీడీ దృశ్యాన్ని చిత్రంగా మార్చే బ్లెండర్ సైకిల్స్ వంటి రెండరర్లలో నేడు గ్రాఫిక్స్ కార్డు ప్రాసెసర్‌ను చాలా వెనుకకు నెట్టేసింది. అయితే దృశ్యంలోని ఆకారాలు, టెక్స్చర్లు అన్నీ కార్డు మెమరీలో ఇమిడితేనే ఆ వేగం పూర్తిగా దక్కుతుంది. అందుకే త్రీడీ పని చేసేవారు కార్డు వేగం కంటే ముందు దాని మెమరీని చూడాలి. ఆర్‌టీఎక్స్ 5080కి, 5070 టీఐకి రెండింటికీ 16 జీబీయే ఉంది. వాటి తరువాతి మెట్టు ఏకంగా 32 జీబీ ఉన్న 5090. మీ దృశ్యాలు 16 జీబీలో ఇమిడితే 5070 టీఐతో ఆగండి, ఇమడకపోతే 5090కి వెళ్లండి. ఈ అవసరానికి 5080 మధ్యలో నిలిచిపోయే కార్డు.

ఇంట్లోనే భాషా నమూనాలను (చాట్‌జీపీటీ వంటివాటి వెనుక ఉండే ఏఐని) నడిపించాలనుకునేవారి ప్రశ్నలు ఇటీవల బాగా పెరిగాయి. ఇక్కడ ఊహలతో పనిలేదు, లెక్క చాలా సూటిగా ఉంటుంది. 7,000 కోట్ల పారామీటర్లు (నమూనా నేర్చుకున్నదంతా దాచే సంఖ్యలు) ఉన్న నమూనాను ఒక్కొక్క పారామీటర్‌కు 4 బిట్ల చొప్పున కుదిస్తే 35 జీబీ అవుతుంది; సంభాషణకు కావలసిన చోటుతో కలిపి 40 జీబీ అనుకోవచ్చు. అది 32 జీబీల 5090లో పట్టదు. పట్టిన చోట దాని వేగం ఎంత ఉంటుందో మెమరీ నుంచి డేటా వచ్చే వేగమే నిర్ణయిస్తుంది, ఎందుకంటే ఒక్కొక్క టోకెన్ (జవాబులో ఒక మాట లేదా మాటలో ముక్క) పుట్టడానికి ఆ పారామీటర్లన్నీ ఒకసారి చదవబడాలి. రెండు చానెళ్ల డీడీఆర్5-5600 ర్యామ్ సెకనుకు 89.6 జీబీ ఇస్తుంది కాబట్టి సెకనుకు రెండు టోకెన్లే గరిష్ఠం. నాలుగు చానెళ్ల థ్రెడ్‌రిప్పర్ డీడీఆర్5-6400 ర్యామ్‌తో దాదాపు 205 జీబీ ఇస్తుంది కాబట్టి ఐదు. ఎన్‌విడియా వారి చిన్న ఏఐ కంప్యూటర్ డీజీఎక్స్ స్పార్క్‌లో 128 జీబీ ఉన్నా వేగం 273 జీబీయే, అంటే ఆరేడు టోకెన్లు. ఎం4 మ్యాక్స్ పై మోడల్ 546 జీబీతో పదమూడు, ఎం3 అల్ట్రా 819 జీబీతో ఇరవై దాకా వెళ్లగలవు. ఆర్‌టీఎక్స్ 5090 సెకనుకు 1,792 జీబీ ఇస్తుంది, కానీ ముందే చెప్పినట్లు నమూనా అందులో ఇమడాలి.

ప్రతి టోకెన్‌కు తమలోని కొంత భాగాన్నే వాడే నమూనాలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. ఓపెన్‌ఏఐ 2025 ఆగస్టులో విడుదల చేసిన జీపీటీ-ఓఎస్‌ఎస్-120బీలో మొత్తం 11,700 కోట్ల పారామీటర్లున్నా, ఒక్కొక్క టోకెన్‌కు పనిచేసేవి 510 కోట్లే. ఇటువంటివాటికి పెద్ద మెమరీ ఉండి మధ్యస్థమైన వేగమున్న యంత్రం చక్కగా సరిపోతుంది కాబట్టి 128 జీబీ మ్యాక్ స్టూడియోకు ఇక్కడ న్యాయమైన స్థానం ఉంది. అదే సమయంలో, పొడవైన పత్రాన్ని ఇచ్చి ప్రశ్నలడిగేటప్పుడు ఆ పత్రాన్ని మొదట చదివే దశలో లెక్కల వేగం ముఖ్యం కాబట్టి, ఎన్‌విడియా కార్డుల ముందు మ్యాక్ వెనుకబడుతుందని గుర్తుంచుకోవాలి. నమూనాలకు శిక్షణ ఇవ్వడం నేర్చుకునే విద్యార్థులు మాత్రం ఎన్‌విడియా వైపే ఉండాలి, ఎందుకంటే ఆ రంగంలోని సాఫ్ట్‌వేర్ ఎక్కువగా ఎన్‌విడియా కార్డుల మీద లెక్కలు చేయించే క్యూడా మీద ఆధారపడి ఉంది, మ్యాక్‌లో అది నడవదు. వారికి 16 జీబీ ఉన్న 5060 టీఐ కూడా నేర్చుకోవడానికి చాలు. పెద్ద శిక్షణలకు క్లౌడ్‌లో గంటల లెక్కన కార్డును అద్దెకు తీసుకోవడం, ఇంట్లో ఐదు లక్షలు పెట్టి ఖాళీగా ఉంచడం కంటే తెలివైన పని.

ఆటల కోసమే కొనేవారికి 8 కోర్ల రైజెన్ 7 9800ఎక్స్3డీ సరిపోతుంది. ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ, అంటే 96 ఎంబీ ఎల్3 క్యాష్ దాని బలం. 4కేలో ఆడేవారికి ఫ్రేముల వేగాన్ని ఎక్కువగా కార్డే నిర్ణయిస్తుంది కాబట్టి మిగిలిన డబ్బంతా అక్కడే పెట్టాలి.

ర్యామ్ ఎలా వేయాలి

ఇప్పటి రైజెన్ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 సాకెట్ మదర్‌బోర్డుల్లో చాలావాటికి నాలుగు ర్యామ్ స్లాట్లు ఉంటాయి కాబట్టి ఇప్పుడు రెండు వేసి, తరువాత రెండు కలుపుదామని చాలామంది అనుకుంటారు. రైజెన్ 9000 వరుసకు రెండు స్టిక్కులతో ఏఎండీ చెప్పే వేగం 5600 అయితే, నాలుగు స్టిక్కులు వేస్తే అది 3600కు పడిపోతుంది. కాబట్టి 64 జీబీ కావాలంటే 32 జీబీ స్టిక్కులు రెండు, 96 జీబీ కావాలంటే 48 జీబీ స్టిక్కులు రెండు మొదటి రోజే తీసుకోవాలి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగినందున, కొలిచి చూసిన అవసరానికి మించి ర్యామ్ కొనడం ఇప్పుడు ఇదివరకటి కంటే భారమైన పొరపాటు అవుతుంది. 256 జీబీకి పైన నిజంగా అవసరమైన వారికి, మెమరీలో తప్పులను సరిదిద్దే ఈసీసీ ర్యామ్ కావలసిన పరిశోధకులకు, రెండు మూడు కార్డులను పూర్తి వేగంతో పెట్టవలసిన వారికి థ్రెడ్‌రిప్పర్ దారి సరైనది. ఈ మూడింటిలో ఏదీ మీది కాకపోతే ఆ పేరు చూసి ఆశపడవద్దు.

ఎన్నేళ్లు నిలుస్తుంది

పది సంవత్సరాలు చూసుకోనక్కర్లేదని నమ్మి అత్యంత ఖరీదైన యంత్రాన్ని కొనేవారికి 2019 నాటి మ్యాక్ ప్రో చరిత్ర తెలియాలి. 5,999 డాలర్ల ప్రారంభ ధరతో, 1.5 టెరాబైట్ల ర్యామ్ వరకు పట్టే సామర్థ్యంతో అది ఆ డిసెంబరులో అమ్మకానికి వచ్చింది. 2020 జూన్‌లోనే ఇంటెల్‌ను వదిలి సొంత చిప్‌లకు మారుతున్నట్లు ఆపిల్ ప్రకటించింది. మ్యాక్‌ఓఎస్ టాహోయే ఇంటెల్ మ్యాక్‌లకు చివరి పెద్ద వెర్షన్ అని 2025లో తేల్చి చెప్పింది. ఒకేసారి పది లక్షలు పెట్టడం కంటే, మూడు లక్షలు ఇప్పుడు పెట్టి, నాలుగేళ్ల తరువాత కార్డో ప్రాసెసరో మార్చుకోవడం ఎక్కువమందికి మేలు చేస్తుంది. ఈ మార్చుకునే వీలు అసెంబుల్డ్ సిస్టమ్‌కు ఉంది. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌ను 2027 వరకు, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ మాట ఇచ్చింది. మ్యాక్ స్టూడియోలో కొన్ననాటి మెమరీయే చివరి వరకు. బ్రాండెడ్ వర్క్‌స్టేషన్లలో మదర్‌బోర్డు, పవర్ సప్లై ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉండడం వల్ల మార్పులు కష్టమైనా, చెడిపోతే మనిషి ఆఫీసుకే వచ్చి బాగుచేసే వారంటీ ఉంటుంది. యంత్రం ఆగిన రోజున జీతాలు వృథా అయ్యే సంస్థలకు ఆ వారంటీ విలువ చాలా ఎక్కువ, ఒంటరిగా పనిచేసే వ్యక్తికి అంత కాదు.

కరెంటు, వేడి

ఈ విషయాన్ని విదేశీ సమీక్షలు దాదాపు పట్టించుకోవు, మనకు మాత్రం ఇది కొనుగోలులో భాగం. 5090 ఒక్కటే 575 వాట్లు, 9950ఎక్స్ పూర్తి భారంలో 230 వాట్ల వరకు తీసుకుంటాయి. రెండూ కలిసి నడిచే రెండరింగ్‌లో 800 వాట్లు దాటుతుంది, అదంతా వేడిగా గదిలోకే వస్తుంది. ఒక టన్ను ఏసీ తొలగించగల వేడి సుమారు 3,500 వాట్లు కాబట్టి, అందులో దాదాపు నాలుగో వంతు ఈ యంత్రానికే ఖర్చవుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో ఇటువంటి యంత్రాన్ని పెట్టి గంటల తరబడి రెండర్ చేయించడం దాని వేగాన్ని అదే తగ్గించుకునేలా చేయడమే. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు 25 రోజులు నడిపితే 160 యూనిట్లు అవుతుంది. ఇంటి మీటరు మీద అది పై స్లాబుకు తోసేస్తుంది. మ్యాక్ స్టూడియో ఇక్కడ స్పష్టంగా గెలుస్తుంది.

దుకాణాల్లో తరచుగా ఇచ్చే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్లే. 5090 ఉన్న సిస్టమ్‌కు ప్యూర్ సైన్ వేవ్ ఇచ్చే 1.5 నుంచి 2 కేవీఏ యూపీఎస్, కనీసం 1,000 వాట్ల మంచి పవర్ సప్లై, సరైన ఎర్తింగ్ కావాలి. ఈ ఖర్చును మొదటి అంచనాలోనే రాసుకోండి. బడ్జెట్ మించితే తగ్గించవలసింది కార్డును, యూపీఎస్‌ను కాదు.

కొనే రోజు

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల కొనేవారు ఒకే దుకాణం మాట మీద ఆగకుండా, మోడల్ నంబర్లతో సహా రాయించుకున్న కొటేషన్లను పోల్చాలి. "32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, 1,000 వాట్ల పవర్ సప్లై" అని మాత్రమే రాసిన కొటేషన్‌కు విలువ లేదు, ఎందుకంటే తక్కువ రకం వస్తువులు చేరేది ఆ ఖాళీల్లోనే. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లను చవకగా ఇస్తామంటే, వాటి పై మోడళ్లలో అధిక వోల్టేజీ వల్ల వచ్చిన అస్థిరత కోసం ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించిందని తెలుసుకుని, ఆ సవరణ ఉన్న కొత్త బయాస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) బోర్డులో ఉందా అని అడగండి. వాడిన ప్రాసెసర్ అయితే వదిలేయండి. అమెరికాలో ఉన్న బంధువుల ద్వారా కార్డు తెప్పించుకోవాలనుకునేవారు, ఆ కంపెనీ మన దేశంలో ఆ సీరియల్ నంబరుకు వారంటీ ఇస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. బిల్లు మీద జీఎస్టీ, ప్రతి వస్తువు సీరియల్ నంబరు ఉండాలి. సిస్టమ్ ఇంటికి తెచ్చే ముందు దుకాణంలోనే మీ సొంత ప్రాజెక్టు ఒకదాన్ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, అరగంట పాటు పూర్తి భారంతో నడిపించి, ప్రాసెసర్, కార్డు ఎంత వేడెక్కుతున్నాయో చూసిన తరువాతే డబ్బు చెల్లించండి.